‘క్రిప్టిక్’ అని ఎప్పుడు అనాలి?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ‘క్రిప్టిక్’ అనే విశేషణానికి నిఘంటువులో ‘నిగూఢమైన’ అని ఉంది. ‘మిస్టీరియస్’ అన్నా దాదాపు అదే అర్థం కదా! ఈ మాట ఎలా పుట్టింది? రెంటిలో దేన్ని ఎక్కడ వాడాలి?

జవాబు: రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కారణం అంతుచిక్కని దేన్నైనా ‘మిస్టీరియస్’ అనవచ్చు. నడిసముద్రంలో ఓడ ఆనవాలు లేకుండా మాయమైతే అది మిస్టీరియస్ ఘటన అవుతుందే గాని క్రిప్టిక్ ఘటన కాదు. చెప్పదలచుకున్న అర్థం ఒకటి ఉండి, అది పైకి కనబడకుండా దాగి ఉన్నచోటే ‘క్రిప్టిక్’ అనే మాట నప్పుతుంది. ‘రేపు, పాత చోటే’ అని ఎవరో చీటీ రాశారనుకోండి. అందుకోవలసిన మనిషికి అందులో తెలియనిది ఏమీ ఉండదు, మనకు మాత్రం ఒక్క ముక్కా బోధపడదు. అటువంటి చీటీయే క్రిప్టిక్. మన పత్రికల్లో ‘నర్మగర్భంగా వ్యాఖ్యానించారు’ అని రాస్తుంటారే, ఆ ప్రయోగం దీనికి బాగా దగ్గరగా వస్తుందని నా అభిప్రాయం.

దాగినది అనే అర్థమున్న ‘క్రుప్తోస్’ అనే గ్రీకు మాట దీనికి మూలం. దాని నుంచి ఏర్పడిన విశేషణం లాటిన్ మీదుగా 17వ శతాబ్దం తొలి భాగంలో ఇంగ్లిష్‌లో చేరింది. చర్చి అడుగున ఉండే నేలమాళిగను ‘క్రిప్ట్’ అన్నా, సంకేత లిపి శాస్త్రాన్ని ‘క్రిప్టోగ్రఫీ’ అన్నా మూలం అదే. ఈ కుటుంబంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు క్రిప్టాన్ అనే వాయువుది. 1898లో రసాయన శాస్త్రవేత్తలు విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవరూపంలోని గాలిని దాదాపు అంతా ఆవిరి కానిచ్చి, అడుగున మిగిలిన కాస్త వాయువును పరీక్షిస్తే, వర్ణపటంలో అంతవరకు తెలిసిన ఏ మూలకానికీ చెందని పసుపు, ఆకుపచ్చ రేఖలు మెరిశాయి. గాలిలో పది లక్షల వంతులకు సుమారు ఒక్క వంతుగా, మనం పీల్చే ప్రతి ఊపిరిలోనూ ఉంటూ అన్నాళ్లూ కంటపడని ఆ వాయువుకు ‘దాగినది’ అనే పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి.

జీవశాస్త్రంలో ఈ మాటకు కొంచెం వేరే వాడుక ఉంది. చెట్టు బెరడు మీద వాలిన చిమ్మటను బెరడు నుంచి వేరు చేసి చూడనివ్వని రంగును క్రిప్టిక్ రంగు అంటారు. క్రిప్టిక్ గళ్లనుడికట్టులోనూ దాపరికమే కీలకం. అక్కడి ఆధారం పైకి ఒక మామూలు వాక్యంలా చదివిస్తుంది, కాని సాధారణంగా దాని మొదటనో చివరనో అసలు అర్థం ఉంటుంది, తక్కిన భాగంలో అక్షరాల తారుమారు వంటి మాటల గారడీ ఉంటుంది.

ఇక వాడుకలో మరొక మెలకువ అవసరం. సందేశం, వ్యాఖ్య, జవాబు, చిరునవ్వు వంటి వాటి ముందు ‘క్రిప్టిక్’ సహజంగా ఒదుగుతుంది. ఒక మనిషి తన ఆలోచనల గురించి విప్పి చెప్పకపోతే, ఆ విషయంలో అతను క్రిప్టిక్‌గా ఉన్నాడనడమూ సరైనదే. అయితే ఆ మనిషి స్వభావమే ఎవరికీ అంతుపట్టనిదని చెప్పాలంటే ‘ఎనిగ్మాటిక్’ అనడం మేలు.