చిన్నీ, నీ మ్యాగజైన్ క్లాస్‌లో చూపించే ముందు ఇది చదువు

చిన్నీ,

బుడమేరు వాగు వరద మీద 24 పేజీల మ్యాగజైన్ అంట, రాయడం డిజైన్ చెయ్యడం అంతా నువ్వే అంట, వచ్చే వారం క్లాస్‌లో అందరి ముందూ పెట్టి వాళ్లు చెప్పినవి విని మళ్లీ మార్చాలంట, నాన్న ఫోన్‌లో ఒకటే చెప్పుకొచ్చాడు. వాడికి లేఅవుట్ అంటే ఏంటో కూడా తెలీదు గానీ ఆ గొంతులో పొంగు వినాలి. నాకూ అంతే అనుకో. కానీ "అందరి ముందూ పెట్టి" అన్న దగ్గర గుండె గుభేలుమంది. బెజవాడ డీటీపీ సెంటర్లలో జీవితమంతా కూర్చున్నదాన్ని కదా. చాదస్తం అనుకోకుండా చదువు.

ముందు మామూలువి. ఫోటోలు 300 డీపీఐ ఉండాలి, వాట్సాప్‌లో వచ్చినవి పెట్టకు. బ్లీడ్, అదే పేజీ చుట్టూ కత్తిరింపులో పోయే అంచు, 3 ఎంఎం వదులు. స్పెల్లింగులు నువ్వే దిద్దుకుని అప్పుడు చూపించు, లేకపోతే అందరూ అవే పట్టుకుని కూర్చుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. "ఎలా ఉందే?" అని మాత్రం అడక్కు. సూపర్ ఉందే అంటారు, ఇంకేమంటారు, రేపు వాళ్లది నువ్వు చూడాలిగా. వాళ్లకి పని చెప్పు. మ్యాప్ పేజీ చేతికిచ్చి, 2024 సెప్టెంబర్‌లో సింగ్ నగర్‌లోకి నీళ్లు ఎటునుంచి వచ్చాయో ఇది చూసి చెప్పవే అని అడుగు. అదే టైమ్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది కదా, బుడమేరుకీ కృష్ణకీ నువ్వు ఒకే నీలం వేశావనుకో, చూసేవాళ్లు కృష్ణే ఊళ్లోకి వచ్చిందనుకుంటారు. బెజవాడ పిల్లని అడిగితే మ్యాప్ చూడకుండానే బుడమేరు అనేస్తుంది, ఆ జవాబు నీకెందుకూ పనికిరాదు. నీ రూమ్మేట్ అనంతపురం అమ్మాయి ఉందిగా, ఆ పిల్లకివ్వు. మైలవరం కొండల నుంచి కొల్లేరు దాకా వేలితో చూపించిందా, సరే. మధ్యలో వేలు ఆగిందా, ఎక్కడాగిందో రాసుకో. "అది కాదే, ఇటు చూడు" అని నువ్వు నోరు తెరిచావో, చేసిందంతా వేస్ట్. రేపు చదివేవాళ్లందరి పక్కనా నువ్వు కూర్చుని చెప్పవుగా.

నోరు తెరవొద్దని ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా సెంటర్‌లో ఒకాయన ఉండేవాడు, అన్నయ్యా అని పిలిచేదాన్ని, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద ఆయన చెయ్యి పడితే పేజీకి కళ వచ్చేసేది, నాకు పని నేర్పిందీ ఆయనే. ఒకసారి ఒక కాలేజీ సావనీర్ వచ్చింది. పేజీలన్నీ అయ్యాక ప్రూఫులు తీసి, ఆ కాలేజీ పిల్లల్ని నలుగుర్ని పిలిచి బల్ల మీద పరిచి, చూడండ్రా ఏమన్నా ఉంటే చెప్పండి అన్నాడు. అందులో ఒక సన్నటి కుర్రాడు, కవర్ మీద టైటిల్ చదవలేకపోతున్నా సార్ అన్నాడు. నిజమే, పసుప్పచ్చ పూల ఫోటో మీద తెల్లక్షరాలు. అన్నయ్యకి కోపమేం రాలేదు. కోప్పడి ఉంటే అక్కడితో పోయేది. నవ్వుతూ కూర్చోబెట్టి పెద్ద క్లాస్ పీకాడు, తెలుపే ఎందుకు పెట్టాడో, ప్రింట్‌లో ఎలా వస్తుందో, పెద్ద పెద్ద ప్రెస్సుల్లో ఎలా చేస్తారో. ఆ కుర్రాడు అవును సార్ అన్నాడు. ఇంక మిగతా ముగ్గురూ బాగుంది సార్ బాగుంది సార్ అంటూ పేజీలు తిప్పేసి టీ తాగి వెళ్లిపోయారు.

వెయ్యి కాపీలు బైండింగ్ అయి వచ్చాక చూస్తే, శ్రద్ధాంజలి పేజీలో ఆ ఏడాది రిటైరైన మాస్టారి ఫోటో, వీడ్కోలు పేజీలో పోయినాయన ఫోటో. రిటైరైన మాస్టారు పెద్దమనిషి, ఏమీ అనలేదు. వాళ్లావిడ సెంటర్ గుమ్మంలో నిలబడి అన్న మాటలు మాత్రం నేను రాయను. రాత్రంతా ఫోటోల స్టిక్కర్లు కత్తిరించి అతికించాం. కాపీలు తీసుకెళ్లడానికి ఆ సన్నటి కుర్రాడే వచ్చాడు. ఆ రోజు నువ్వన్నా చూళ్లేదురా అంటే, "చూశానక్కా, డౌటొచ్చింది. కవర్ గురించి అంటేనే సార్ అంత చెప్పారు కదా, దీనికీ ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నా" అన్నాడు. చెప్పు, ఆ పిల్లాణ్ణి ఏమంటాం.

అందుకే ఎవరన్నా తప్పు చూపిస్తే "ఇంకా?" అను, అంతే. నీ కారణాలు నీ దగ్గరే ఉంచుకో.

అలాగని చెప్పినవన్నీ చెయ్యమనట్లేదు. ఇబ్బంది ఉందంటే నమ్ము, దానికి వాళ్లు చెప్పే రిపేరు మాత్రం నువ్వే ఆలోచించుకో. అక్షరాలు చిన్నగా ఉన్నాయే, పెంచు అంటారు. చాలాసార్లు గొడవ సైజుది కాదు. ఇన్‌డిజైన్‌లో ఆటో లీడింగ్, అదే లైనుకీ లైనుకీ దూరం, అక్షరం సైజులో 120 శాతం ఉంటుంది, ఇంగ్లిష్‌కి సరిపోతుంది గానీ మనకి పైలైను వత్తులు వచ్చి కిందలైను గుడుల మీద కూర్చుంటాయి, అంతా ఇరుకైపోయి చదవడానికి కష్టంగా ఉంటుంది, దాన్నే చిన్నక్షరాలు అంటారు. లీడింగ్ పెంచు, కావాలంటే సైజు అర పాయింట్ తగ్గించినా ఎవరూ అడగరు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగారంటే మార్చాల్సిందే. రంగు నచ్చలేదని ఒక్కరే అంటే వదిలెయ్. కానీ పేరు తప్పనో ఫోటో తప్పనో అంటే, ఒక్కరన్నా సరే, అప్పటికప్పుడు లేచి చూడు.

నిజం చెప్పనా, నువ్వు వాదిస్తావని కాదు నా భయం. సంక్రాంతికి అంత ముగ్గేసి, పక్కింటి పిల్ల ఒక గీత వంకరపోయిందంటే కాలితో మొత్తం తుడిచేసి లోపలికెళ్లి పడుకున్నావు, అన్నానిక్కూడా లేవలేదు. మొండిఘటం. ఆ ముగ్గు ఎంత బాగుందో తెలుసా, ఒక్క మూలే కదే వంకర. ఇప్పుడు అలా చేశావంటే చెవి మెలేస్తాను. పాత ఫైల్ ముట్టుకోకు, వేరే పేరుతో సేవ్ చేసి అందులో మార్చు. ఆ సాయంత్రమే సిస్టం ముందు కూర్చోవద్దు, తిని పడుకో, పొద్దున్నే లిస్టు తియ్యి, రాత్రి ఏడిపించిన వాటిల్లో సగం చిన్నవే అనిపిస్తాయి. మార్చాక మ్యాప్ మళ్లీ ఆ అనంతపురం అమ్మాయికే చూపించకు, ఆమెకిప్పుడు దారి తెలిసిపోయింది, ఇంకో కొత్త పిల్లని పట్టుకో.

ఇంకొకటి. వరదలో పోయినవాళ్ల పేర్లూ ఫోటోలతో ఒక పేజీ పెడుతున్నావని నాన్న అన్నాడు. ఈ ఉత్తరం మొదలుపెట్టింది అది విన్నాకే. ఆ పేజీకి క్లాస్‌వాళ్లు చాలరమ్మా. వాళ్ల ఇళ్లకి వెళ్లి, ప్రింట్ చేతికిచ్చి, ఈ పేరు ఈ ఫోటో సరేనా అని వాళ్లనే అడుగు, అసలు వెయ్యొచ్చా అని కూడా అడుగు. వద్దంటే తీసెయ్, పేజీ ఖాళీగా పోయినా పర్లేదు. ఒక్కదానివే వెళ్లలేనంటే చెప్పు, నేనొస్తాను.

నాన్న ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాడుగా, అన్ని పేజీలూ ఏ4లో ప్రింట్ తీసి వాడికిచ్చి పంపు. పీడీఎఫ్ వద్దు, నా ఫోన్‌లో కనపడి చావదు.

అత్త