కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ చూసేది ఖాళీ

ప్రశ్న: మేము రెండేళ్ల క్రితం కూకట్‌పల్లి నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చాం. మావారిది హెచ్1బి, నాదీ బాబుదీ హెచ్4. బాబు ఇప్పుడు పదో గ్రేడు. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్‌గా, అంటే విసిరిన బంతి అందుకునేవాడిగా ఆడుతున్నాడు, బాగా పరిగెత్తుతాడు. మొన్న కోచ్ పిలిచి "నువ్వు కార్నర్‌బ్యాక్‌కి మారితే కాలేజీవాళ్లు చూస్తారు" అన్నాడట. అంటే అవతలి రిసీవర్లని కాపలా కాసేవాడట. అప్పట్నుంచి వాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. మనవాడని పక్కకి నెట్టేశారని మావారికి అనుమానం. అసలీ రిక్రూటింగ్ ఏమిటి? ఏజెన్సీవాళ్లు నాలుగు వేల డాలర్లు అడుగుతున్నారు, కట్టమంటారా? మా ఇంట్లో మాంసం వండం, దానివల్ల వెనకబడతాడా?

జవాబు: అమ్మా, ముందు మీవారి అనుమానం సంగతి. కోచ్ మీవాణ్ని పక్కకి నెట్టలేదు. పనికొచ్చే కబురే చెప్పాడు. అది మనకి అవమానంలా వినపడటానికి కారణం మన పెంపకంలో ఉంది. మనం ఎంసెట్ ర్యాంకుల్లో పెరిగినవాళ్లం. ర్యాంకు బాగుంటే సీటు ముందు మనదే, కోరుకున్న బ్రాంచి మనదే. ఇక్కడ రిక్రూటింగ్ అంటే కాలేజీ జట్లు హైస్కూల్ ఆటగాళ్లని ఎంచుకోవడం, కానీ కాలేజీ కోచ్ అలా పై నుంచి కిందికి జాబితా పట్టుకుని పిలుచుకుంటూ పోడు. ఆయన ఆఫీసు గోడ మీద ఒక పెద్ద బోర్డు ఉంటుంది. ఏ పొజిషన్‌లో ఎవరున్నారు, ఎవరిది ఎన్నో ఏడు, వచ్చే రెండు మూడేళ్లలో ఎవరు వెళ్లిపోతారు అన్నది అందులో ఉంటుంది. ఆ బోర్డులో ఎక్కడ గడి ఖాళీ అవుతుందో అక్కడికే కుర్రాణ్ని వెతుకుతాడు. రిసీవర్ల గడిలో అప్పటికే ముగ్గురు రెండో ఏడు పిల్లలు కూర్చుని ఉంటే, నాలుగోవాడు ఎంత బాగా ఆడినా ఆ కాలేజీ ఫోన్ చెయ్యదు. పక్క రాష్ట్రంలో రిసీవర్లు లేక అల్లాడుతున్న కాలేజీ అదే కుర్రాడికి ఫోన్ చేస్తుంది.

ఖాళీలు మూడు దారుల్లో వస్తాయి. నాలుగు సీజన్లు ఆడేసి వెళ్లేవాళ్లు కొందరు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది కాబట్టి అలా ముందే వెళ్లేవాళ్లు ఇంకొందరు. ఇప్పుడు ఎక్కువ గందరగోళం మూడోదారిది, అంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని వేరే కాలేజీకి మారేవాళ్లు. ఇదివరకు పెద్ద కాలేజీలకి 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, వాళ్లు కాక డబ్బు కట్టి ఆడే వాక్-ఆన్ కుర్రాళ్లు పదుల సంఖ్యలో ఉండేవారు. 2025లో ఆటగాళ్ల దావాలో కోర్టు రాజీ తరవాత, దాన్ని ఒప్పుకున్న కాలేజీలకి మొత్తం జట్టే 105 మంది అయింది. స్కాలర్‌షిప్ ఎంతమందికైనా ఇవ్వొచ్చు గానీ తలలు 105 దాటకూడదు. "చేరనీ, తరవాత చూద్దాం" అనుకుని తీసుకునే వెసులుబాటు కోచ్‌లకి తగ్గిపోయింది.

అన్ని పొజిషన్ల ఖాళీలూ ఒకేలా ఉండవు. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ మైదానంలో ఒక్కడే ఉంటాడు, కాబట్టి చాలా కాలేజీలు ఏడాదికి ఒక్కణ్నే తీసుకుంటాయి. ఆ వచ్చినవాడు రెండేళ్లు బెంచీ మీద కూర్చుంటే ఇంకోచోట ఖాళీ వెతుక్కుంటాడు. క్వార్టర్‌బ్యాక్ జో బరో కథ అదే. ఒహాయో స్టేట్‌లో ఆ స్థానం ఇంకొకరికి దక్కింది. డిగ్రీ పూర్తి చేసుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లాడు, అక్కడ వాళ్లకి క్వార్టర్‌బ్యాక్ కావాలి. 2019లో ఆ జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా 15 గెలిచింది, బరోకి ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది. ఒహాయోలో చాలని ఆట కాదది, అక్కడ గడి నిండి ఉంది, అంతే.

ఇక మీవాడి సంగతి. వేగంగా పరిగెత్తే ప్రతి కుర్రాడూ రిసీవర్ అవ్వాలనే అనుకుంటాడు. బంతి పట్టుకుంటే స్టేడియం అరుస్తుంది మరి. అందుకే ఆ వరస చాలా పొడుగు. ఈ రోజుల్లో జట్లన్నీ ముగ్గురు నలుగురు రిసీవర్లని దింపి బంతి విసురుతూనే ఉంటాయి. వాళ్లని కాపలా కాయడానికి డిఫెన్స్‌లో నలుగురికి బదులు ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లని దింపాల్సి వస్తోంది, కార్నర్‌బ్యాక్‌లు వాళ్లలోనివాళ్లే. వెనక్కి పరిగెడుతూ ఒక్కసారిగా నడుం తిప్పి ముందుకి దూకగలిగే కుర్రాళ్లు తక్కువ. మీవాడిలో ఆ కోచ్‌కి అది కనపడి ఉంటుంది. రిచర్డ్ షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గానే మొదలయ్యాడు. మోకాలి గాయం తరవాత కార్నర్‌బ్యాక్ అయ్యాడు, సియాటిల్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో పేరు మోగింది కార్నర్‌బ్యాక్‌గానే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు మోగిన జేజే వాట్ సెంట్రల్ మిషిగన్‌లో టైట్ ఎండ్, అంటే బంతి అందుకునే వైపువాడు. అది వదిలేసి విస్కాన్సిన్‌లో వాక్-ఆన్‌గా చేరి, డిఫెన్స్‌లో ముందు వరసలో ఆడే డిఫెన్సివ్ ఎండ్‌గా మారాడు. మీవాడికి ఇంకా దిగులైతే ట్రావిస్ హంటర్ వీడియోలు చూపించండి. కొలరాడోలో రిసీవర్‌గానూ కార్నర్‌బ్యాక్‌గానూ ఆడి 2024 హైస్మన్ కొట్టాడు. (అందరూ హంటర్‌లు కారు, ఆ మాట వాడితో ఇప్పుడే అనకండి.)

బయటివాళ్లు ఖాళీ పట్టుకున్న తీరు తెలియాలంటే పంటర్లని చూడాలి. పంటర్ అంటే బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుని వెనక్కి పంపేవాడు. మంచి పంటర్ దొరకడం కోచ్‌లకి ఎప్పుడూ కష్టమే. చిన్నప్పట్నుంచి పరిగెడుతూ బంతి తన్నే ఆటలో పెరిగిన ఆస్ట్రేలియా కుర్రాళ్లు ఆ గడిలోకి వచ్చారు. దేశంలో మేటి పంటర్‌కిచ్చే రే గై అవార్డు 2014 నుంచి 2017 దాకా వరసగా నాలుగేళ్లూ ఆస్ట్రేలియన్లకే వెళ్లింది. మూడుసార్లు యూటా యూనివర్సిటీ కుర్రాళ్లకి, నాలుగోసారి మన టెక్సస్ యూనివర్సిటీలో ఆడిన మైకేల్ డిక్సన్‌కి. మన పిల్లల్లో సాకర్ బాగా ఆడేవాళ్లుంటే కిక్కర్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నేవాడు) సంగతి కూడా ఆలోచించొచ్చు. కాకపోతే కిక్కర్ ఖాళీ ఒక కాలేజీలో ఏటా రాదు, ఉన్నవాడు వెళ్లేదాకా ఆగాల్సిందే.

ఏజెన్సీకి నాలుగు వేలు కట్టకండి. కాలేజీ కోచ్‌లు నమ్మేది మీ స్కూల్ కోచ్ మాటని, ఆట వీడియోని. ఆట వీడియోలు పెట్టే హడల్ సైట్‌లో మూడు నిమిషాల హైలైట్ పెట్టండి, మేటి ఆటలు మొదట్లోనే ఉండాలి. పాటలు, గ్రాఫిక్కులు వద్దు. ఎత్తు, బరువు ఉన్నవే రాయండి. అంగుళం పెంచితే క్యాంపులో కొలిచినప్పుడు పరువు పోతుంది. మీరు కట్టబోయే డబ్బులో కొంతతో రెండు మూడు కాలేజీల వేసవి క్యాంపులకి పంపితే కోచ్‌లు కళ్లారా చూస్తారు.

ఏజెన్సీ చెయ్యని పనొకటి మీరు ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. కాలేజీ వెబ్‌సైట్‌లో రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) తెరిచి డిఫెన్సివ్ బ్యాక్‌లని ఏడాదివారీగా లెక్కపెట్టండి. మీవాడు పదో గ్రేడు, అంటే అక్కడ ఇప్పుడు మొదటి ఏడులో ఉన్నవాళ్లు మీవాడు వెళ్లేసరికి నాలుగో ఏడులో ఉంటారు. గాయంతోనో, ఆడకుండానో ఒక సీజన్ పక్కనపెట్టినవాళ్లు ఇంకో ఏడు ఉంటారు. మొదటి ఏడులోనే ఆరుగురుంటే ఆ కాలేజీని జాబితాలో కిందికి జరపండి. ఇద్దరే ఉంటే, అక్కడి కార్నర్‌బ్యాక్‌ల కోచ్‌కి బాబు చేతే ఈమెయిల్ రాయించండి. హెడ్ కోచ్‌కి కాదు. మీరు రాసినా తెలిసిపోతుంది, వాళ్లకి నచ్చదు.

ఈ లోపు ఇంటికి ఉత్తరాలొస్తాయి. "మా క్యాంపుకి ప్రత్యేక ఆహ్వానం" అని అచ్చు వేసిన కార్డు వస్తే బంధువులకి ఫోన్లు చెయ్యకండి, అవి వేలమందికి వెళ్తాయి. పెద్ద కాలేజీల కోచ్‌లు స్వయంగా మెసేజ్‌లు పెట్టడానికి పదకొండో గ్రేడు సెప్టెంబర్ 1 దాకా ఆగాలి. ఆ తరవాత "ఆఫర్ ఇస్తున్నాం" అని నోటిమాటగా చెప్తారు. అది కాగితం కాదు. అప్పుడు బాబు మర్యాదగా అడగాల్సిందొకటే: "ఈ రోజు నేను సరే అంటే మీరు తీసుకుంటారా?" జవాబులో నీళ్లు నమిలితే, వాళ్లు ఆ గడికి ఇంకెవరినో మొదట అనుకుంటున్నారని అర్థం, ఆ ఇంకెవరో కాదంటేనే మీవాడి వంతు. ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ల పని అలాగే నడుస్తుంది. ఎక్కువమంది ఆఫర్లు సంతకానికి వచ్చేది పన్నెండో గ్రేడు డిసెంబర్‌లో, మిగిలినవాళ్లకి ఫిబ్రవరిలో. పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024లో తీసేశారు, ఇప్పుడు సంతకం చేసేది స్కాలర్‌షిప్ ఒప్పందం మీదే.

ఒక చేదు మాట కూడా వినండి. రేపే ఆడగల కార్నర్‌బ్యాక్ కావలసిన కోచ్, పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని పెంచుకోవడం కన్నా పోర్టల్‌లో నుంచి ఇరవై ఒకటేళ్లవాణ్ని తెచ్చుకోవడానికే మొగ్గుతున్నాడు. దానివల్ల హైస్కూల్ పిల్లలు కొందరు ఒక మెట్టు కింద మొదలుపెడుతున్నారు. అది చిన్నతనమేం కాదు. కాలేజీ ఆటల్లో డివిజన్ 1 నుంచి 3 దాకా మెట్లుంటాయి, ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్‌కి హైస్కూల్ నుంచి పెద్ద డివిజన్ ఆఫర్ ఒక్కటీ రాలేదు, కాలిఫోర్నియాలోని రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో ఆడి వ్యోమింగ్ యూనివర్సిటీకి వెళ్లాడు. మన ఇళ్లలో చాలామంది తలే తిప్పని డివిజన్ 3 ఇంకోటి. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ లేదు, కానీ ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, కార్నెగీ మెలన్, షికాగో యూనివర్సిటీ ఆడేది అందులోనే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల్లోనూ ఆటకి డబ్బివ్వరు, కానీ కోచ్ అడ్మిషన్ ఆఫీసులో మీవాడి పేరు చెప్తే దానికి విలువ ఉంటుంది. మార్కులు బాగున్న కార్నర్‌బ్యాక్ కోసం ఆ కోచ్‌లు దేశమంతా గాలిస్తారు. నన్నడిగితే మీరు మొదట తెరవాల్సిన రోస్టర్లు ఇవే.

చదువు సంగతి: డివిజన్ 1కి తొమ్మిది నుంచి పన్నెండు దాకా 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ ఉండాలి. పన్నెండో గ్రేడు మొదలయ్యేలోపు వాటిలో పది అయిపోవాలి. మన పిల్లలకి మార్కులతో ఇబ్బంది ఉండదు, ఇబ్బంది ఏ కోర్సు కోర్ కిందికి వస్తుందన్న దగ్గరే. స్కూల్ కౌన్సెలర్‌ని అడిగి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఆమోదించిన జాబితా తీసుకోండి. తొమ్మిదో తరగతి ఇండియాలో చదివి వచ్చిన పిల్లలుంటే ఆ మార్కుల జాబితాలు జాగ్రత్త చేసుకోండి, తరవాత అడుగుతారు. ఇంకోటి, "ఆ స్కూల్ జట్టు బాగుందట" అని ఇల్లు మారే ఆలోచన ఉంటే ఆపండి. ఆట కోసం మారారని తేలితే టెక్సస్‌లో స్కూల్ ఆటల్ని నడిపే యూఐఎల్ నిబంధన ప్రకారం ఒక ఏడాది వార్సిటీలో (స్కూల్ ప్రధాన జట్టులో) ఆడనివ్వరు. ఆ ఏడాదే కోచ్‌లు చూసే ఏడాది అయితే ఇక అంతే.

వీసా సంగతి మాత్రం లాయర్‌తో మాట్లాడాకే ముందుకి వెళ్లండి. ఫీజు, గది, భోజనం కింద ఇచ్చే స్కాలర్‌షిప్ హెచ్4 వాళ్లూ ఎఫ్1 (విద్యార్థి వీసా) వాళ్లూ తీసుకోవచ్చు, ఆస్ట్రేలియా కుర్రాళ్లు చదివింది అలాగే. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే ఆట ఆదాయంలో నేరుగా వాటా ఇస్తున్నాయి, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఈ డబ్బు పని చేసి సంపాదించిన ఆదాయంగా లెక్కకి వస్తే మీ వాడికి చిక్కు, ఎందుకంటే హెచ్4 మీద ఉన్న పిల్లలకి పని చేసే అనుమతి లేదు. ఊళ్లో షాపువాళ్లు "ఒక్క ఫోటో దిగు, ఐదు వందలు ఇస్తాం" అన్నా వద్దనే చెప్పండి. ఇరవై ఒకటి నిండితే హెచ్4 అయిపోతుంది, కాలేజీ మధ్యలో ఎఫ్1కి మారాలి. గ్రీన్‌కార్డు వరస ఎక్కడిదాకా వచ్చిందో మీవారికి తెలిసే ఉంటుంది, దాన్ని బట్టి ఇప్పుడే ప్లాన్ వేసుకోండి.

చివరగా మాంసం. ముందు వరసలో నిలబడి ఢీకొట్టే మూడు వందల పౌండ్ల లైన్‌మన్ అవ్వాలంటే పప్పన్నంతో కష్టమే, అబద్ధమెందుకు. కార్నర్‌బ్యాక్‌కి అంత బరువు అక్కర్లేదు, కాలేజీల్లో ఎక్కువమంది 180-200 పౌండ్ల మధ్య ఉంటారు. పన్నీరు, పెరుగు, పప్పులు, శనగలు పెట్టండి, గుడ్డు తింటే ఇంకా సుళువు. ప్రాక్టీసు అయిన అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడేలా డబ్బా కట్టి పంపండి, స్కూల్ బస్సులో వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. ప్రొటీన్ పౌడర్ కొనేముందు మాత్రం ఆ డబ్బా లేబుల్ ఫోటో తీసి స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్‌కి చూపించండి. కాలేజీకి వెళ్లాక ఎన్‌సీఏఏ డోపింగ్ పరీక్షలు ఉంటాయి, డబ్బా మీద రాయని పదార్థం లోపల ఉందంటే వాళ్లు వినరు.