ఆర్‌వి-7లో ఎలివేటర్ ట్రిమ్ ఒకవైపే పనిచేస్తోంది: సర్వో మార్చాలా?

మీరు చెప్పింది ఇదీ: వ్యాన్స్ ఆర్‌వి-7 (కిట్‌తో స్వయంగా కట్టుకునే చిన్న విమానం), ఎలివేటర్ (తోక దగ్గర ముక్కును పైకీ కిందికీ తిప్పే రెక్క) వెనక అంచున ఉండే చిన్న ట్రిమ్ ట్యాబ్‌ను కదిపే రే అలెన్ టి2-7ఎ సర్వో మోటారు, స్టిక్ మీద బటన్లు, మధ్యలో రెండు రిలేలు (బటన్ నొక్కితే మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌లు). ముక్కు పైకి ట్రిమ్ బాగానే అవుతోంది, కిందికి మాత్రం ఒకసారి అవుతుంది, ఒకసారి కాదు. సర్వో దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు వస్తున్నాయి. అప్పుడే కొత్త సర్వోకు ఆర్డరు పెట్టకండి. ఇలాంటి ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసింది వైరింగ్ లోపాలే.

మొదట ట్యాబ్‌ను కళ్లతో చూడండి, ఇండికేటర్‌ను నమ్మొద్దు. సర్వో లోపల రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లుంటాయి. చివరికి చేరాక అటువైపు ఆగిపోవడం లోపం కాదు.

ట్యాబ్ మధ్యలో ఉన్నా కదలకపోతే సర్వో దగ్గరి కనెక్టర్ విప్పండి. సర్వో నుంచి ఐదు తీగలు వస్తాయి. చారల్లేని రెండు తెల్ల తీగలు మోటారువి, రంగు చారలున్న మూడు, ట్యాబ్ ఎక్కడుందో ఇండికేటర్‌కు చెప్పే పొజిషన్ సెన్సర్‌వి. తెల్ల తీగలకు 9 వోల్టుల చిన్న బ్యాటరీ తగిలించండి, తర్వాత తిప్పి తగిలించండి. రెండువైపులా సాఫీగా నడిస్తే సర్వో బాగున్నట్టే. ఒకవైపే నడిస్తే లోపలి లిమిట్ స్విచ్‌నో దాని డయోడ్‌నో (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) అనుమానించాలి. విప్పే బదులు తయారీదారుకు పంపడం మేలు.

ఇక ఆ 12 వోల్టుల సంగతి. డిజిటల్ మీటరు దాదాపు కరెంటే తీసుకోదు. అందుకే కాలిన రిలే కాంటాక్టు గుండా, ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ గుండా కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. మోటారు లోడు పడగానే అది కూలిపోతుంది. కనెక్టర్‌లో సర్వో స్థానంలో కారు పార్కింగ్ లైటుకు వాడే 5 వాట్ల బల్బు కలపండి, దానికి సమాంతరంగా మీటరు పెట్టండి. బటన్ నొక్కినప్పుడు రెండువైపులా బల్బు ఒకేలా వెలగాలి, మీటరులో గుర్తు తిరగబడాలి. కింది వైపుకే మసకగా వెలిగితే లోపం కనెక్టర్‌కు ముందే ఉంది.

అప్పుడు రిలే చప్పుడు వినండి. టిక్కుమనకపోతే స్టిక్ బటన్ నుంచి రిలే కాయిల్‌కు వెళ్లే తీగ చూడండి. బటన్ గ్రౌండు ఇచ్చే వైరింగ్ అయితే, కాయిల్‌కు బటన్ తీగ వచ్చే కొసను చిన్న తీగతో గ్రౌండుకు తాకించండి. టిక్కుమంటే తప్పు బటన్‌దో దాని తీగదో. టిక్కుమన్నా మోటారు నడవకపోతే చాలామంది ఆ రిలేనే మారుస్తారు, మళ్లీ అదే కథ. రెండు రిలేల పద్ధతిలో ఖాళీగా ఉన్నప్పుడు మోటారు తీగలు రెండూ గ్రౌండులో ఉంటాయి. "కింద" నొక్కితే ఒక రిలే 12 వోల్టులు ఇస్తుంది, కరెంటు తిరిగి వెళ్లేది రెండో రిలే విశ్రాంతి కాంటాక్టు (బటన్ నొక్కనప్పుడు కలిసి ఉండేది) గుండా. అంటే "కింద" పనిచేయకపోవడానికి "పైన" రిలే కారణం కావచ్చు.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపమైతే నేను మొదట పట్టుకునేది ఎలివేటర్ మొదట్లో తీగల కట్ట వంగే చోటు. ఆర్‌వి-7లో సర్వో ఎడమ ఎలివేటర్ లోపలే ఉంటుంది, కాబట్టి స్టిక్ కదిలిన ప్రతిసారీ ఆ తీగలు వంగుతాయి. బల్బు వెలుగుతుండగా ఒకరు ఎలివేటర్‌ను చివరి నుంచి చివరిదాకా ఆడించాలి. మినుకుమంటే తెగింది అక్కడే, పై తొడుగు బాగున్నా సరే. రెండో అనుమానం క్రింపులు, అంటే తీగను కనెక్టర్ పిన్నులో నొక్కి బిగించిన చోట్లు. సర్వో తీగ 26 గేజు, మామూలు డి-సబ్ కనెక్టర్ పిన్నులు 20 నుంచి 24 గేజుకు, అంటే ఇంతకన్నా లావు తీగకు చేసినవి. తీగను రెట్టింపు పొడవున ఒలిచి, మడిచి దూర్చి క్రింప్ చేస్తేనే పట్టు ఉంటుంది. చేసిన ప్రతి పిన్నునూ లాగి చూడండి.

సెన్సర్ వేరే సర్క్యూట్, ఈ లోపంతో దానికి సంబంధం లేదు.

రిలే మారిస్తే పాత దాని కాంటాక్టులు విప్పి చూడండి. అతుక్కుపోయిన గుర్తులుంటే అది రేపు తనంతట తాను పరుగెత్తే ట్రిమ్ అయ్యేది. ఈ వైరింగ్‌లో అలా జరిగితే ఎదురు బటన్ నొక్కి పట్టుకోవాలి: రెండు తీగల్లోనూ 12 వోల్టులే ఉంటాయి కనుక మోటారు ఆగుతుంది. ఆ తర్వాత బ్రేకర్ లాగాలి. అందుకే ట్రిమ్‌కు చేతికందే చోట లాగగలిగే బ్రేకరే పెట్టమంటాను, ప్యానెల్ వెనక ఫ్యూజు వద్దు.

అన్నీ కలిపాక, ఎగిరేముందు దిశ చూడండి. ముక్కు కిందికి నొక్కితే ట్యాబ్ వెనక అంచు పైకి లేవాలి. తిరగబడితే రెండు తెల్ల తీగలను అటూ ఇటూ మార్చి కలపండి.