టెక్ సందేహాలు: టెక్కెన్ ఒక్కటే కాదు, ఆడదగ్గ ఫైటింగ్ గేములు ఇంకా ఉన్నాయి

ప్రశ్న: చిన్నప్పటి నుంచి టెక్కెన్ 3 తప్ప వేరే ఫైటింగ్ గేమ్ ఆడలేదు సార్. నాది గ్రాఫిక్స్ కార్డు లేని ఐ3 ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. కొత్త గేములు పెడితే బొమ్మ కదలడం లేదు. ఎవరూ పెద్దగా చెప్పుకోని మంచి గేములేమైనా ఉన్నాయా?
ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం మీ ల్యాప్‌టాప్‌ మీద హాయిగా నడిచేవే. 3డీ గేములో ప్రతి బొమ్మనూ గ్రాఫిక్స్ చిప్ అప్పటికప్పుడు గీయాలి. పాత 2డీ గేముల్లో బొమ్మలు ముందే గీసి పెట్టి ఉంటాయి, వాటిని వరసగా మార్చి చూపిస్తే సరిపోతుంది. అందుకే మీరు 2డీ వైపు రండి.

మొదట పట్టాల్సింది ‘గారూ: మార్క్ ఆఫ్ ద వుల్వ్స్’. ఎస్‌ఎన్‌కే కంపెనీ 1999లో నియో జియో ఆర్కేడ్ మెషిన్ల కోసం తెచ్చింది, ఇప్పుడు స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు) దొరుకుతుంది. అదే కంపెనీ గేమ్ ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ బాగా తెలిసినవాళ్లు కూడా దీన్ని ముట్టుకోని సందర్భాలే ఎక్కువ. నాలుగే బటన్లు: రెండు పంచ్‌లు, రెండు కిక్‌లు. దీని అసలు మజా డిఫెన్స్‌లో ఉంది. వెనక్కి బాణం నొక్కి పట్టుకుని ఉంటే మామూలు డిఫెన్సే. అలా కాకుండా బాణం వదిలేసి ఉండి, దెబ్బ సరిగ్గా తగలబోయే క్షణంలో నొక్కితే అది ‘జస్ట్ డిఫెండ్’ అవుతుంది, మీ హెల్త్ కొంచెం పెరుగుతుంది కూడా. ఫైట్ మొదలయ్యే ముందు హెల్త్ బార్‌లో మొదటి, మధ్య, చివరి భాగాల్లో ఒకదాన్ని ఎంచుకోమంటుంది. మీ హెల్త్ ఆ భాగంలో ఉన్నంతసేపూ దెబ్బల బలం పెరుగుతుంది. కొత్తవాళ్లు చివరి భాగం పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఓడిపోబోయేటప్పుడు తిరగబడటానికి పనికొస్తుంది.

గారూలో టెర్రీ అనే ఫైటర్‌ని ఎంచుకుని ట్రైనింగ్ మోడ్‌లో ‘పవర్ వేవ్’ అనే స్పెషల్ దెబ్బ ఒక్కటే సాధన చేయండి. కింద, ఏటవాలుగా కింద-ముందు, ముందు, ఆపై పంచ్. కీబోర్డు మీద చాలామంది తప్పేది మధ్యలో ఉన్న ఏటవాలు దగ్గర. కింది బాణం వదిలేశాక ముందు బాణం నొక్కుతారు, మధ్య మెట్టు గల్లంతవుతుంది. కింది బాణం నొక్కి ఉంచి, దాన్ని వదలకుండానే ముందు బాణం నొక్కండి. తర్వాత కిందిది వదిలి, వెంటనే పంచ్ కొట్టండి. బొమ్మ కుడివైపు చూస్తున్నప్పుడు పదిసార్లు వరసగా పడితే, అవతలి వైపుకు మారి అదే దిద్దండి, అప్పుడు ఎడమ బాణమే ‘ముందు’ అవుతుంది. ఎక్కువమంది ఇక్కడే చేతులెత్తేస్తారు.

రెండోది ‘ద లాస్ట్ బ్లేడ్ 2’, 1998 నాటిది, అదీ ఎస్‌ఎన్‌కేదే. జపాన్‌లో ఎడో కాలం ముగిసే రోజుల నాటి కత్తి ఫైట్లు. ఆటకు ముందు స్పీడ్ కావాలో పవర్ కావాలో తేల్చుకోవాలి. స్పీడ్‌లో చిన్న దెబ్బలు గొలుసుగా కలుస్తాయి, పవర్‌లో ఒక్కో వేటు బరువుగా పడుతుంది. నాలుగో బటన్ ఎదుటివాడి కత్తిని పక్కకు తోసేయడానికి. బటన్లన్నీ గబగబా కొట్టేవాడికి ఈ గేమ్ నచ్చదు, కాచుకుని కూర్చునేవాడికి పండగే.

చెయ్యి తిరిగాక ‘గిల్టీ గేర్ ఎక్స్‌ఎక్స్ యాక్సెంట్ కోర్ ప్లస్ ఆర్’ చూడండి. మొదటి రోజే దాని జోలికి పోవద్దు, పరుగులు, గాలిలో డాష్‌లు, ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి, బుర్ర వేడెక్కుతుంది.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. అంటే మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి అరగంట ఆడి చూడటంలో నష్టం లేదు. గేమ్ తెరిచి పెట్టి భోజనానికి వెళ్తే మాత్రం ఆ సమయమూ లెక్కలో పడుతుంది.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. వాళ్లన్న ఆడే ఫైటింగ్ గేముల్లో రక్తం, తలలు నరకడం చూసి భయమేస్తోంది. తనకు ఏది ఇవ్వొచ్చు?
ఒక తల్లి, కడప

జవాబు: ‘దెమ్స్ ఫైటిన్ హర్డ్స్’ ఇప్పించండమ్మా. ఇందులో మనుషులెవరూ ఉండరు, అందరూ నాలుగు కాళ్ల జంతువులే. తాడు విసిరే ఆవుదూడ, కుక్కపిల్లల్ని సాయం పిలిచే గొర్రెపిల్ల, అల్పాకా, మంచుతో కొట్టే రెయిన్‌డీర్. రక్తం ఉండదు. ఆట మాత్రం పిల్లలాట కాదు, మీ అబ్బాయి దీన్ని చిన్నచూపు చూసి కూర్చుంటే పాప చేతిలో తన్నులు తినడం ఖాయం. నేర్పే పాఠాలు లోపలే ఉన్నాయి. స్టోరీ మోడ్ మొదటి అధ్యాయంతో ఆగిపోయింది, కథ కోసం మాత్రం కొనకండి.

వేళ్లు అంత తిరగకపోతే ‘ఫాంటసీ స్ట్రైక్’ ఇంకా తేలిక. బాణాలు వరసగా తిప్పి నొక్కే ఇన్‌పుట్లు లేవు, ప్రతి స్పెషల్ దెబ్బకూ ఒకే బటన్. ఎదుటివాడు పట్టుకుని విసరబోతే తప్పించుకునే పద్ధతి భలే ఉంటుంది: అన్ని బటన్లూ వదిలేసి ఊరికే ఉండటమే. 2020 నుంచి ఉచితంగా దిగుతుంది, కొన్ని మోడ్‌లకు మాత్రం డబ్బు అడుగుతుంది.

ప్రశ్న: అన్నా, నేనూ మా తమ్ముడూ ఒకే కీబోర్డు మీద ఆడతాం. ఇద్దరం ఒకేసారి కొడితే ఒకరి దెబ్బ పడదు. గేమ్‌లో లోపమా?
ఇంటర్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: లోపం కీబోర్డుది. మామూలు కీబోర్డు లోపల మీటలు అడ్డం, నిలువు గీతల గళ్లలో కలిసి ఉంటాయి. ఒక గడికి మూడు మూలల్లో ఉన్న మూడు మీటలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టే దానికి కనిపిస్తుంది. ఆ గందరగోళం రాకుండా అది మూడో మీటనే వదిలేస్తుంది. మీ తమ్ముడి పంచ్ పోయేది అక్కడే.

నోట్‌ప్యాడ్ తెరిచి, మీరు వాడే రెండు అక్షరాలు నొక్కి పట్టుకోండి, తమ్ముణ్ణి తన మీటలు ఒక్కొక్కటీ కొట్టమనండి. ఏ అక్షరం పడలేదో దాన్ని గేమ్ కంట్రోల్స్‌లో వేరే మీటకు మార్చుకోండి. అంతకంటే మంచి ఉపాయం, ల్యాప్‌టాప్‌కు ఒక చవక యూఎస్‌బీ కీబోర్డు తగిలించడం. విండోస్ రెండింటినీ కలిపి ఒకే కీబోర్డులా చూస్తుంది, కానీ ఎవరి గళ్లు వారివే కాబట్టి మీటలు మింగడం ఉండదు. ఇద్దరి మీటలూ వేర్వేరుగా ఉండేలా మాత్రం చూసుకోండి.

ప్రశ్న: చవక యూఎస్‌బీ జాయ్‌స్టిక్ రిమోట్ కొన్నాను. బటన్లు పనిచేస్తున్నాయి, ఎడమవైపు ప్లస్ గుర్తు బటన్ మాత్రం పనిచేయదు. వెనక్కి ఇచ్చేయాలా?
ఆదోని

జవాబు: తొందరపడకండి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, జె-ఓ-వై, చుక్క, సి-పి-ఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. రిమోట్ పేరు మీద ప్రాపర్టీస్ తెరిచి ప్లస్ బటన్ కదిపి చూడండి. అక్కడ ఏదో ఒకటి కదిలితే వస్తువు బాగానే ఉన్నట్టు. ఇలాంటి రిమోట్లలో నడుమ ‘అనలాగ్’ లేదా ‘మోడ్’ అని ఒక బటన్, ఎర్ర లైటు ఉంటాయి. లైటు వెలిగితే ప్లస్ బటన్ ఒక రకం సిగ్నల్, ఆరితే ఇంకో రకం పంపుతుంది. గేమ్ రెండోదే చదివేదైతే మొదటిది దానికి కనపడదు. ఆ బటన్ ఒకసారి నొక్కి చూడండి. అయినా కాకపోతే స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంట్రోలర్‌కు వెళ్లి స్టీమ్ ఇన్‌పుట్ ఎనేబుల్ చేయండి. ప్రాపర్టీస్ పెట్టెలో అసలేమీ కదలకపోతేనే షాపుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: మధ్యాహ్నం పూట ఆడుతుంటే గేమ్ మొత్తం స్లో మోషన్‌లోకి పోతుంది. రాత్రి బాగుంటుంది. వైరస్సా?
కడప

జవాబు: వైరస్ కాదు, ఎండ. ఫైటింగ్ గేములు దాదాపు అన్నీ సెకనుకు 60 ఫ్రేములకు (తెర మీద మారే బొమ్మలు) కట్టేసి ఉంటాయి, ఆట లెక్క మొత్తం ఫ్రేముల్లోనే సాగుతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుని 45 ఫ్రేములే ఇస్తే, వేరే గేములైతే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది, ఇక్కడ మాత్రం కాలమే నెమ్మదిస్తుంది. నేర్చుకున్న టైమింగ్ అంతా తప్పుతుంది.

స్టీమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) కౌంటర్ పెట్టుకుని అంకె 60 దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. తగ్గితే ముందు రిజల్యూషన్ తగ్గించండి, తర్వాత నీడలు, ఎఫెక్ట్‌లు. ఛార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి. మంచం మీద, పరుపు మీద పెట్టకండి, కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక అంచు కింద రెండు అట్టముక్కలు పెట్టి కొంచెం ఎత్తితే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆన్‌లైన్ ఆడితే ఎదుటివాడు ఉన్నట్టుండి మాయమై ఇంకోచోట తేలతాడు. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం బాగానే చూపిస్తుంది.
కర్నూలు

జవాబు: ఇక్కడ కావాల్సింది స్పీడ్ కాదు, నిలకడ. 60 ఫ్రేముల్లో ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. పింగ్ అంటే సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు; అది 100 ఉంటే ఎదుటివాడి బటన్ మీకు చేరేసరికి మూడు ఫ్రేములు గడుస్తాయి. పాత పద్ధతి గేములు ఆ సమాచారం వచ్చేదాకా ఆగుతాయి. రోల్‌బ్యాక్ ఉన్నవి ఆగవు, ఏం నొక్కి ఉంటాడో ఊహించి ఆట నడిపిస్తాయి, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిదిద్దుతాయి. మీకు కనిపించే మాయం ఆ దిద్దుబాటే. పింగ్ ఒకసారి 40, ఒకసారి 180 అయితే దిద్దుబాట్లు పెద్దవవుతాయి. హాట్‌స్పాట్ బదులు కేబుల్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి, కనీసం వైఫై దూకుడు తగ్గుతుంది. ఇంట్లో రౌటర్ ఉంటే ల్యాన్ వైరే మేలు. గేమ్ కొనేముందు రోల్‌బ్యాక్ ఉందో లేదో చూడండి: ఫాంటసీ స్ట్రైక్, దెమ్స్ ఫైటిన్ హర్డ్స్‌లలో ఉంది, గిల్టీ గేర్ ప్లస్ ఆర్‌లో 2020లో చేర్చారు.