స్క్రాచ్ టికెట్ల డబ్బుతో మా అమ్మాయి చదువు

ప్రశ్న: అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు దగ్గర్లో గ్యాస్ స్టేషన్ దుకాణం నడుపుతున్నాం. జీతాలు అందే శుక్రవారం సాయంత్రం కూలి పనివాళ్లు వరసకట్టి స్క్రాచ్ టికెట్లు (గీకి చూసుకునే లాటరీ టికెట్లు) కొంటారు. ఆ లాటరీ డబ్బుతో రాష్ట్రం కాలేజీ చదువుకు ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ ఇప్పుడు మా అమ్మాయికి వచ్చింది. ఫీజు కట్టుకునే స్తోమత మాకుంది. తీసుకోవడం న్యాయమేనా?

జవాబు: తీసుకోండి. హోప్‌కు ఇంతమందికే అన్న లెక్క లేదు, అర్హత ఉన్న అందరికీ ఇస్తారు. మీరు వదులుకుంటే ఆ డబ్బు కూలివాళ్ల పిల్లలకేమీ చేరదు.

అయినా మీ మనసులో గుచ్చుకున్న ముల్లు ఉత్తది కాదు. గవర్నర్ జెల్ మిల్లర్ హయాంలో 1993లో హోప్ మొదలైనప్పుడు కుటుంబ ఆదాయం 66,000 డాలర్లు దాటితే ఇచ్చేవారు కాదు. మరుసటి ఏడాది దాన్ని లక్షకు పెంచారు. 1995లో పరిమితినే ఎత్తేశారు. ఇక మిగిలిన కొలబద్ద మార్కులు: హైస్కూల్లో 3.0 జీపీఏ (నాలుగుకు లెక్కగట్టే సగటు గ్రేడు). మంచి బడి ఉన్న పేటలో ఇల్లు, సాయంత్రం ట్యూషను, పక్కన కూర్చుని చదివించే తల్లిదండ్రులు ఉన్నచోట ఆ జీపీఏ తేలిగ్గా వస్తుంది. టికెట్ కొనేవాడి ఇంట్లో ఇవన్నీ ఎక్కడివి? లాటరీని ఎవరూ పన్ను అనరు కానీ, లేనివాడి రాబడిలోంచే పెద్ద వాటా లాగుతుంది. నన్నడిగితే ఆ ఆదాయ పరిమితిని మళ్లీ పెట్టాలి.

ఇక మీ లెక్కలు. హోప్ ట్యూషన్ ఫీజు వరకే. హాస్టలు, భోజనం, పుస్తకాల ఖర్చు మీదే, 529 ఖాతా (పిల్లల చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే పొదుపు ఖాతా) ఉంటే దాన్ని వాటికి వాడండి. ఇంకా మిగిలితే స్కాలర్‌షిప్‌కు సమానమైన మొత్తాన్ని పది శాతం జరిమానా లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద ఆదాయపు పన్ను మాత్రం తప్పదు. ఆ ఖాతాను మొదటి ఏడాదే ఖాళీ చేయకండి. కాలేజీలో 30, 60, 90 క్రెడిట్ గంటల (కోర్సుల బరువును కొలిచే లెక్క) దగ్గర జీపీఏ చూస్తారు, 3.0 కంటే తగ్గితే హోప్ ఆగిపోతుంది. బడిలో ఫస్టొచ్చిన పిల్లలు కూడా కాలేజీ మొదటి ఏడాదిలో తడబడతారు.

మీ కౌంటర్ దగ్గర మీరు చేయగలిగిన పని ఒకటుంది. అదే లాటరీ డబ్బుతో టెక్నికల్ కాలేజీల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులకు హోప్ గ్రాంట్ ఇస్తారు. దానికి హైస్కూల్ మార్కులు అడగరు, బడి వదిలి ఎన్నేళ్లయినా ఫరవాలేదు. పౌరసత్వం, రాష్ట్ర నివాసం వంటి షరతులు ఉంటాయి. వెల్డింగ్ నేర్చుకోవాలనుకునే మీ శుక్రవారం గిరాకీకి ఈ సంగతి తెలియకపోవచ్చు. టికెట్ల మిషను పక్కనే ఒక కాగితం మీద రాసి అంటించండి.