ఎయిడ్స్ తొలిరోజుల్లో జనం నిజంగా అంత భయపడేవారా?

కొత్తగా ఎయిడ్స్ మాట వినిపించిన రోజుల్లో రోగులను నిజంగా వెలివేసేవారా అని అడిగారు. ఊరి సంగతి తరువాత, ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా అన్నయ్య లారీ డ్రైవరు. విజయవాడ నుంచి కలకత్తాకు సరుకు తోలేవాడు. 1999లో జ్వరం, విరేచనాలు నెలల తరబడి తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాం. రక్తపరీక్ష ఫలితం మాకంటే ముందే వార్డంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రం నుంచి అన్నం గిన్నె గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళేవారు.

అమ్మ మా స్టీలు కంచాల మీద ఎవరి పేరు వారికి కొట్టించింది. అన్నయ్య ఇంటికి వచ్చాక అతని పేరున్న కంచం, గ్లాసు పెరటి గోడ మీదికి చేరాయి. ఎవరూ చెప్పకుండానే తనే కడుక్కుని అక్కడే బోర్లించేవాడు. ఒకరోజు లేవలేక దాహమన్నాడు. చేయి తగలకుండా చెంబు ఎత్తి పట్టుకుని పైనుంచి వంచాను. నాకు వీలుగా ఉండాలని అన్నయ్య గ్లాసు ఇంకాస్త కిందికి దించాడు. నేను అప్పుడు ఇంటర్‌లో బయాలజీ చదువుతున్నాను. తాకితే రాదని నాకు తెలుసు.

గోడల మీద ‘ఎయిడ్స్‌కు మందు లేదు’ అనే రాతలు. చావు భయం ఒకటైతే, ఎలా వచ్చిందోనన్న గుసగుసలు ఇంకొకటి. నన్నడిగితే రెండోదే మమ్మల్ని ఎక్కువ కాల్చింది. మంగలి గడ్డం గీయడానికి రానన్నాడు. 2000లో అన్నయ్య పోయినప్పుడు పాడె మోసింది నాన్న, నేను, తోటి డ్రైవర్లు ఇద్దరు. వదినకు సోకింది అన్నయ్య నుంచే, అయినా మొగుణ్ణి మింగిందన్న మాట ఆమెకే వచ్చింది.

కొన్నేళ్ళకు ఎయిడ్స్ ప్రచారం కోసం, పులిరాజా అనే కల్పిత పాత్ర పేరుతో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే హోర్డింగులు వెలిశాయి. బస్సులో అందరూ చదివి నవ్వుతుంటే పక్కన వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అన్నయ్యకు అందలేదు. వదిన వాటితోనే ఈనాటికీ బతికి ఉంది, పొలం పనికి వెళుతుంది. మందులకు మాత్రం దగ్గరి కేంద్రానికి వెళ్ళదు. తెలిసినవాళ్ళు చూస్తారని రెండు బస్సులు మారి వేరే ఊరు వెళుతుంది. ఆ మందుల కార్డును బియ్యం డబ్బాలో అడుగున దాస్తుంది.