మా బావ తేరుకున్నాడు, మా ఆయన ఎందుకు తేరుకోలేదు?

రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చి ఇప్పుడు కడపలో ఉంటున్న ఒకామె రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అక్కా, 2021 నవంబరు 19న తెల్లారుజామున కట్ట తెగి చెయ్యేరు మా ఊరి మీద పడింది. ఆ పొద్దు కార్తీక పౌర్ణమి. మా ఆయన మామను చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి ఎక్కించబోయినాడు. నీళ్ళ తోపుడుకు చెయ్యి జారిపోయింది. మామ మూడో రోజు దొరికినాడు. తర్వాత మేం కడపకు వచ్చేసినాం. బాడుగ ఇల్లు. ఆయన ఆటో తోలుతాడు. మబ్బు పట్టిందంటే ఆటో తియ్యడు. బుగ్గవంక వంతెన మీదుగా పొమ్మంటే ఆ బాడుగే వద్దంటాడు. రాత్రి సంపులో కొళాయి నీళ్ళు పడితే ఆ చప్పుడుకు అదిరిపడి లేస్తాడు. వాన వచ్చేట్టుంటే పాపను బడికి పంపనీయడు. రోజూ మందు తాగుతాడు. మామ సంవత్సరీకం నాడు ఇంట్లో ఉండడు, యాడికి పోతాడో తెలీదు. తాయెత్తు కట్టించినాం, తిరుమలకు పోయొచ్చినాం. మా బావ అదే వరదలో ఇల్లూ గొడ్లూ అన్నీ పోగొట్టుకున్నాడు. మళ్ళా ఇల్లు కట్టుకున్నాడు, ఎనుములు కొన్నాడు, అందరితో బాగా మాట్లాడతాడు. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే. ఈయన గుండె అంత పిరికిదా? నాలుగేళ్ళు దాటింది, నేనేం చేసేది?"

చెల్లీ,

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "చెయ్యి జారిపోయింది" అని రాశారు మీరు. ఆయన అట్లా అనరనుకుంటాను. లోపల్లోపల "చెయ్యి వదిలేసినాను" అనుకుంటూ ఉంటారు. మీ బావకూ ఆయనకూ తేడా అక్కడుంది, గుండె ధైర్యంలో కాదు. మీ బావ పోగొట్టుకున్నవి ఇల్లు, గొడ్లు, తండ్రి. మీ ఆయన తండ్రిని పోగొట్టుకోవడమే కాదు, తానే పోగొట్టానన్న లెక్క ఒకటి నెత్తిన పెట్టుకున్నారు. భయం రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త తగ్గుతుంది. నేరం చేశానన్న బాధ అట్లా తగ్గదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నకొద్దీ అది ముదురుతుంది.

నేను కర్నూలు మనిషిని. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి మా ఊరిని ముంచినప్పుడు చూశాను. నెలల తరబడి ఊళ్ళో పలకరింపే మారిపోయింది. "బాగున్నావా" అనేదానికి బదులు "మీ ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చినాయి నీళ్ళు?" అని అడిగేవాళ్ళు. ఒకరు మోకాలు చూపించేవాళ్ళు, ఒకరు సజ్జ చూపించేవాళ్ళు. చెప్పిందే చెప్పి, విన్నదే విని, బురద కడుక్కుంటూ, తడిసిన కాగితాలు ఎండబెట్టుకుంటూ మామూలు అయ్యారు. పెద్ద ఆపద తర్వాత చాలామంది ఏ డాక్టరూ లేకుండానే నెలల్లో తేరుకుంటారని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. వాళ్ళకేదో ప్రత్యేకమైన మొండితనం ఉండి కాదు. చుట్టూ తమ కథ తెలిసినవాళ్ళు ఉంటారు, పొద్దున లేస్తే చెయ్యాల్సిన పని ఉంటుంది, తిండికీ నీడకూ ఏదో ఒక దారి దొరుకుతుంది. మీ బావ ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన మనసెట్లా ఉన్నా పొద్దున్నే ఎనుములు పాలు పిండమని అరుస్తాయి. మీ ఆయన కడపకు వచ్చారు. ఇక్కడ ఆటో ఎక్కేవాళ్ళకు ఆయన కథ తెలీదు, అడిగే అవసరమూ లేదు. మీరు ఊరు వదిలింది తప్పని అనడం లేదు, ఆ నీళ్ళ పక్కన మళ్ళీ పడుకోలేమని వచ్చినవాళ్ళు చాలామంది. దాంతో పాటు ఏం పోయిందో చూడమంటున్నాను.

ఆయనకున్నది బహుశా పీటీఎస్‌డీ అనే జబ్బు, అంటే పెద్ద ఆపద తర్వాత ఆ దెబ్బ మనసులో మానకుండా ఉండిపోవడం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధలు చూశాక 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పట్టికలో దీన్ని చేర్చారు. గాలిసోకడం, పిరికితనం లాంటి పేర్లతో మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, అది అయిపోయిందని మనసుకు తెలుసు. ప్రాణం మీదికి వచ్చినప్పటి జ్ఞాపకం చాలాసార్లు అట్లా సర్దుకోదు. చప్పుడుగా, వాసనగా, చల్లదనంగా ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది. సంపులో నీళ్ళు పడగానే ఆయనకు చెయ్యేరు గుర్తు రావడం కాదు, ఆ క్షణంలో ఒళ్ళంతా చెయ్యేటిలోనే ఉంటుంది. నెల దాటినా ఇది తగ్గకపోతే వైద్యం అవసరమని లెక్క. మీకు నాలుగేళ్ళు దాటింది. దానంతట అదే పోతుందని ఇంకా చూడకండి.

కడప సర్వజన ఆసుపత్రిలో, అదే మీరంతా రిమ్స్ అనేదానిలో, మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి పోవడానికి ఆయన జంకితే ముందు 14416కు ఫోన్ చేయండి. మనసు బాధలకు ఫోనులోనే సాయం చేసే ఈ సేవను టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ జబ్బుకు బాగా పనిచేసేది మాటల వైద్యం. శిక్షణ ఉన్న మనిషి పక్కన కూర్చుని, ఆయన తట్టుకోగలిగినంత మేరకే ఆ తెల్లారుజామును కొంచెం కొంచెంగా మళ్ళీ చెప్పిస్తారు. 8 నుంచి 12 సార్లు కూర్చోవాల్సి రావచ్చు. కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతీ ఉంది, వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. దిగులు, భయం తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మాత్రలు డాక్టరు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "ఏం లేదు" అని పారేయనీకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తేవొద్దు. అల్ప్రజోలం లాంటివి ఈ జబ్బును నయం చెయ్యవు, అలవాటు పడతాయి, తాగుడుతో కలిస్తే ఊపిరికే ముప్పు.

తాగుడు గురించి ఒక హెచ్చరిక. "మాల వేయించు, మానేస్తాడు" అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. భక్తి మీద నాకేం పేచీ లేదు. కానీ ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు మాట్లాడొచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరుకు ఎంత తాగుతారో నిజం చెప్పి, వాళ్ళు చెప్పిన పద్ధతిలో మాన్పించండి.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు రెండు మాటలు ఇంట్లో ఆపేయండి: "మర్చిపో", "మీ అన్నను చూడు". మర్చిపోవడం ఆయన చేతిలో లేదు. అన్నతో పోలిస్తే ఆయన లోపలి లెక్క ఇంకా బరువెక్కుతుంది. అట్లాగని కూర్చోబెట్టి "ఆ పొద్దు జరిగిందంతా చెప్పు" అని తవ్వకండి. ఆపద జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి అంతా చెప్పిస్తే మంచిదని ఒకప్పుడు వైద్యులే అనుకునేవాళ్ళు. తర్వాత పరీక్షించి చూస్తే దానివల్ల మేలు కనిపించలేదు, కొందరికి చెడే జరిగింది. ఆయనంతట ఆయన నోరు విప్పిన రోజు మాత్రం పని ఆపి వినండి. మధ్యలో ఓదార్చకండి. "నీ తప్పేం లేదులే" అని తొందరగా అన్నా, ఆయనకు అది "ఇక చాలు, ఆపు" అన్నట్టే వినిపిస్తుంది.

విన్నాక, ఆ రోజు కాకపోయినా ఇంకో రోజు, ఒక సంగతి చెప్పండి. వేగంగా పారే వరద నీళ్ళు అర అడుగు లోతున్నా పెద్ద మనిషిని పడేయగలవు. అడుగు లోతుంటే కారునే జరిపేస్తాయి. మీ ఊళ్ళో ఆ తెల్లారుజామున వచ్చింది అడుగో రెండడుగులో కాదు. ఆ తోపుడులో ఏ కొడుకు పిడికిలీ నిలవదు. ఇప్పుడు పగటి వెలుగులో కూర్చుని "ఇట్లా పట్టుకుని ఉంటే, అటు తిప్పి ఉంటే" అని ఆయన తనకు తాను తీర్పు చెప్పుకుంటున్నారు. ఆ చీకట్లో ఆయనకు అంత ఆలోచించే సమయం ఎక్కడిది?

సంవత్సరీకం రోజు ఇంట్లోంచి ఎందుకు పోతున్నారో మీకు తట్టిందా? నాకు తోచింది చెప్తాను, తప్పయితే తప్పే. పెద్దలకు నీళ్ళు వదలాలంటే దోసిట్లో పట్టుకున్న నీళ్ళను జారవిడవాలి. తండ్రి జారిపోయింది ఆ చేతుల్లోంచే, ఆ నీళ్ళలోనే. ఆయనను బలవంతంగా పీటల మీద కూర్చోబెట్టకండి. అయిదారు రోజుల ముందే "ఈసారి నీకు ఏది చేతనైతే అది చెయ్యి, లేకపోతే మీ అన్న చేస్తాడు, నువ్వు ఊరికే ఉండు" అని చెప్పి ఉంచండి. పైగా మీకు ఆ రోజు ఏటా రెండుసార్లు వస్తుంది, కార్తీక పౌర్ణమికోసారి, నవంబరు 19కోసారి. ఆ నడుమ రోజుల్లో కోపం, తాగుడు, నిద్రలేమి ఎక్కువవుతుంటే ఆశ్చర్యపోకండి. ఆ వారం బావను వచ్చి ఉండమనండి. ఊరికే పక్కన ఉంటే చాలు. నీళ్ళు చూసినవాడు ఆయన కూడా కదా.

ఒక కష్టమైన ప్రశ్న మీరు అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదైతే బయటికి వస్తుంది. అవునంటే ఆయనను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు లాంటివేమైనా ఉంటే తీసేయండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రాత్రి అదిరిపడి లేచినప్పుడు లైటు వేయండి. వెనక నుంచి తాకొద్దు. పేరు పెట్టి పిలిచి, "ఇది కడప, మన ఇల్లు, సంపులో నీళ్ళు" అని చెప్పండి. కాళ్ళు నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా వదలమనండి. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి.

పాపను మబ్బు రోజున కూడా బడికి పంపండి, మీరే తోడు పొండి. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన ఒక అధ్యయనం ఉంది. పేదరికం, తాగుడు, గొడవలున్న ఇళ్ళ పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళలో ఎక్కువమందికి నిలకడగా పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారు. మీ పాపకు ఆ మనిషి మీరు. అందుకే మీ నిద్ర, మీ తిండి కూడా చూసుకోండి. వారానికోసారి మీ అక్కతోనో అమ్మతోనో ఫోనులో ఏడ్చినా ఫర్వాలేదు.

ఆయనతో ఆసుపత్రి మాట తాగని పూట తీయండి. "నీకు పిచ్చి" అనే అర్థం వచ్చేలా కాకుండా "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అనండి, అబద్ధం కూడా కాదు. వస్తానంటే మొదటిసారికి వాన లేని రోజు చూసుకోండి. బుగ్గవంక దాటకుండా పోయే దారి ఉంటే చుట్టయినా ఆ దారినే పోనివ్వండి. వంతెన సంగతి డాక్టరుతో కలిసి తర్వాత చూసుకోవచ్చు.